పసుపు కాగితం లేని ఫైలు

సూదిలోకి దారం ఎక్కించటానికి అన్నయ్య మూడోసారి ప్రయత్నిస్తున్నాడు. దారం కొసను నాలుకతో తడిపి, సూదిని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూశాడు. అతని ఒళ్ళో చెల్లెలి యూనిఫాం చొక్కా ఉంది. దాని రెండో గుండీ నిన్న స్టేషన్లో ఎక్కడో ఊడిపోయింది.

పోలీసు ఇన్‌స్పెక్టర్ అయిన ఆ చెల్లెలు ఇంకో చొక్కా వేసుకుని జడ బిగించుకుంటోంది. ఇలా ఇవ్వు, నేను కుట్టుకుంటానంటూ గుండీల డబ్బా కోసం చెయ్యి చాపింది. అన్నయ్య డబ్బాను మోకాలి కిందికి లాక్కున్నాడు.

"నువ్వు కుడితే వారం ఉండదు. నీ కేసుల్లాగే, ఎక్కడో ఒక పోగు వదిలేస్తావు."

ఆమె నవ్వలేదు. రెండు రోజులుగా ఆమెకు నవ్వొచ్చే పని ఏదీ జరగలేదు.

అమ్మ పోయినప్పుడు ఆమెకు ఐదేళ్ళు, అన్నయ్యకు పదిహేడు. నాన్నవి షిఫ్టు డ్యూటీలు. జడ వేసిందీ, పలక మీద అక్షరాలు దిద్దించిందీ, జ్వరం వస్తే రాత్రంతా పక్కన కూర్చున్నదీ అన్నయ్యే. ఇప్పుడతను విశ్వవిద్యాలయంలో భాషలు బోధించే ప్రొఫెసరు. ఇద్దరూ పెళ్ళి చేసుకోలేదు. ఇంట్లో సూదిపని అతనిది, బిల్లులు కట్టే పని ఆమెది.

ఎర్రసిరా ఆయన కళ్ళు తెరిచాడా అని అన్నయ్య అడిగాడు. ఇంకా లేదంది ఆమె. చూడటానికి మనుషుల్ని రానిస్తున్నారా అన్నాడు. తెలిసిన మనిషి, వెళ్ళి పలకరించకపోతే బాగుండదు, గేటు దాటి కుడికి తిరిగితే ఆసుపత్రి పది నిమిషాల నడకే కదా అన్నాడు. వార్డు తలుపు దగ్గర కానిస్టేబుల్ ఉన్నాడనీ, ఎవరినీ రానివ్వరనీ చెప్పి, ఆమె గేటు దాటి ఎడమకి, స్టేషన్ వైపు నడిచింది.

ఎర్రసిరా ఆయన అంటే విశ్వవిద్యాలయ పరిశోధన నిధి కార్యదర్శి. మట్టి, చేపలు, చుక్కలు, పాత శాసనాలు, ఎవరు దేని మీద పరిశోధన చేయాలన్నా ప్రభుత్వ నిధి ఆయన చేతి మీదుగానే రావాలి. ప్రతి దరఖాస్తు పక్కనా ఎర్రసిరాతో రాస్తాడు గనుక ఆ పేరు. మంగళవారం సాయంత్రం నాలుగూ ఇరవైకి నిధి కార్యాలయం మేడ మీది రికార్డు గదిలో, ఇనప మెట్ల మీంచి ఆయన్ను ఎవరో తోసేశారు. చొక్కా ముందుభాగం గుప్పిట్లో పట్టి లాగినట్టు చిరిగింది. అప్పటి నుంచి ఆయనకు స్పృహ లేదు.

ఆ కేసులో బుధవారం పొద్దున్నే ఒకమ్మాయిని పట్టుకొచ్చారు. పట్టుకొచ్చింది సీలాయన. ఇన్‌స్పెక్టర్‌తో పాటే ఉద్యోగంలో చేరి, ఇప్పుడు ప్రత్యేక విభాగంలో ఉన్నాడు. ఏ కేసైనా మూడు రోజుల్లో కట్టగట్టి లక్క సీలు వేస్తాడని ఆ పేరు వచ్చింది. ఈ కేసు ఇద్దరికీ కలిపి అప్పగించారు. అంటే పని ఆమెది, సీలు అతనిది.

పట్టుబడినామెను అందరూ పురుగులమ్మాయి అంటారు. దీపాల చుట్టూ తిరిగే పురుగుల మీద పదకొండేళ్ళుగా పరిశోధన చేస్తోంది. సోమవారం ఆమె దరఖాస్తు మీద కుదరదని ఎర్రసిరా పడింది. అరవై మంది వింటుండగా ఆమె కార్యదర్శితో, మిమ్మల్ని ఆ మెట్ల మీంచి తోసెయ్యాలి అని అరిచింది. మర్నాడు ఎవరో ఆయన్ను నిజంగానే తోశారు.

ఇన్‌స్పెక్టర్ వెళ్ళేసరికి పురుగులమ్మాయి బెంచీ మీద ముడుచుకు కూర్చుని ఉంది. తన గురించి ఏమీ అడగలేదు. గదిలో దీపాలు వేళకు వెలుగుతున్నాయా అనే అడిగింది. ఈ సాయంత్రం నాలుగింటికి ఆమెను మేజిస్ట్రేటు ముందు పెడతారు. జైలుకి పంపితే నిధి నియమం ప్రకారం ఆమె ప్రాజెక్టు ఆ రోజే ఆగిపోతుంది, గదికి కరెంటు తీసేస్తారు, అరవై తరాల పురుగులు వారంలో చచ్చిపోతాయి. అన్నీ ఆమె తలుపు వైపు చూస్తూ చెప్పింది.

"తోసేస్తానని అన్న మాట నిజం. నాకు కోపం వస్తే నోరాగదండీ. కానీ తొయ్యదలుచుకున్నదాన్ని అరవైమందికి చెప్పి తోస్తానా?"

ఇన్‌స్పెక్టర్ నోటుపుస్తకం తీసింది. సీలాయన పట్టుకున్న ముఖ్యమైన సాక్ష్యం అదే. ఆ అమ్మాయి చేసే ప్రతి పనికీ పక్కన వేళ రాసుకుంటుంది. మంగళవారం పేజీలో 16.20 దగ్గర, అంటే సరిగ్గా నాలుగూ ఇరవైకి, ఖాళీ. ముందూ వెనకా కలిపి దాదాపు గంటసేపు ఏమీ లేదు. ఆ వేళ ఎక్కడున్నావని అడిగితే అన్నం తింటున్నానని చెప్పిందట. సాయంత్రం నాలుగింటికి అన్నమేమిటని సీలాయన నవ్వాడట.

"మరి ఏమిటి?" అంది ఇన్‌స్పెక్టర్.

పురుగులమ్మాయి ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసింది. అంత తెలిసిన సంగతిని ఎలా చెప్పాలో తెలియనట్టు ఆగి, తర్వాత నెమ్మదిగా చెప్పింది. ఆ పురుగులు రాత్రిళ్ళే తిరుగుతాయి. మనుషులు రోజూ రాత్రిళ్ళు మేలుకోలేరు. అందుకని వాటి రాత్రిని వీళ్ళు పగటికి తెచ్చుకున్నారు. రోజూ రాత్రి తొమ్మిదికి గదిలో దీపాలు వాటంతటవే వెలుగుతాయి, పొద్దున తొమ్మిదికి ఆరిపోతాయి. దీపాలు వెలిగిన క్షణం వీళ్ళకి సున్నా. అక్కడి నుంచి గంటలు లెక్కపెడతారు. గదిలో గడియారం కూడా అలాగే తిప్పి ఉంటుంది.

ఇన్‌స్పెక్టర్ అరచేతి మీద పెన్నుతో లెక్క వేసింది. రాత్రి తొమ్మిది నుంచి పదహారు గంటల ఇరవై నిమిషాలంటే మధ్యాహ్నం ఒకటీ ఇరవై. భోజనాల వేళ. బయటి నాలుగూ ఇరవై అంటే ఆ పుస్తకంలో 19.20. పేజీ తిప్పింది. 19.00 నుంచి 20.00 దాకా ప్రతి ఐదు నిమిషాలకూ ఒక లెక్క, ఒక్కటీ తప్పకుండా. మధ్యలో ఒక వరుస: 19.35 కరెంటు పోయింది. 19.41 వచ్చింది.

"ఈ సంగతి ఆయనకి చెప్పలేదా?"

"నిన్న మధ్యాహ్నం దాకా నాకే తట్టలేదండీ. మా గదిలో అందరికీ అదే వేళ. బయటివాళ్ళకి వేరే వేళ ఉంటుందన్న సంగతే మర్చిపోయాను. తట్టాక చెబితే, కథలు కోర్టులో చెప్పుకోమన్నారు."

కరెంటు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేస్తే మొదటిసారి ఎవరూ ఎత్తలేదు. రెండోసారి ఎత్తినాయన ఇంకో నంబరిచ్చాడు. ఆ నంబరాయన మళ్ళీ మొదటి నంబరే ఇచ్చాడు. ఐదో ఫోనుకి రిజిస్టరు చూసే మనిషి దొరికాడు. మంగళవారం ఆ వీధికి నాలుగూ ముప్ఫై ఐదు నుంచి నలభై ఒకటి దాకా సరఫరా లేదని చదివాడు. సాయంత్రం ఏడున్నర ప్రాంతంలో పోయిందా అని ఆమె అడిగింది. లేదన్నాడు.

అప్పటికి పదకొండున్నర అయింది.

సీలాయన గదిలో బల్ల మీద కాగితాలన్నీ అప్పటికే దారంతో కుట్టి ఉన్నాయి. ఆమె చెప్పిందంతా విన్నాడు. వినలేదనటానికి లేదు. మధ్యలో ఒకసారి వేళ్ళు మడిచి తనూ లెక్క వేసుకున్నాడు. చివరికి కుర్చీలో వెనక్కి వాలాడు.

"బాగుంది చెల్లెమ్మా. పురుగులకో గడియారం, మనుషులకో గడియారం. మన పై ఆఫీసరు పొద్దున పదింటికే పేపర్లవాళ్ళకి చెప్పేశాడు, దోషి దొరికిందని. ఇప్పుడు నేను వెళ్ళి, సార్, పురుగులు ఒప్పుకోవట్లేదు అని చెప్పనా?"

"తప్పు మనిషిని పట్టుకున్నామని చెప్పండి."

"అయితే ఒప్పు మనిషి ఎవరో చెప్పు. ఒక్క పేరు. పేరు తెస్తే నాలుగింటి లోపల ఈ కట్ట నా చేత్తో నేనే విప్పేస్తాను. పేరు లేకుండా రావద్దు."

కార్యదర్శి ఎర్రసిరా పెన్ను మెట్ల కింద దొరికిందనీ, దాని మూత మాత్రం మూడుసార్లు వెతికినా దొరకలేదనీ ఆమె గుర్తుచేసింది. తోసినవాళ్ళు పట్టుకుపోయి ఉంటారంది.

"పెన్నుల మూతలా? మా ఇంట్లో ఒక్క పెన్నుకీ మూత లేదు. ఎవరిమీద కేసు పెట్టమంటావు, మా ఆవిడ మీదా?"

పేరు కావాలంటే ఫైళ్ళు చూడాలి. కానీ నిధి కార్యాలయంలో ఫైళ్ళ మీద పేర్లుండవు. మార్కులు వేసేవాళ్ళకి దరఖాస్తు ఎవరిదో తెలియకూడదని అంకెలు మాత్రమే వేస్తారు. ఏ అంకె ఎవరిదో రాసిన రిజిస్టరు కార్యదర్శి బీరువాలో ఉంది. ఆ బీరువాకి సీలాయన బుధవారమే సీలు వేశాడు. సీలు తీయాలంటే నిధి కమిటీ అనుమతించాలి. కమిటీని కార్యదర్శి పిలవాలి. కార్యదర్శి ఆసుపత్రిలో కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఇదంతా అతను నవ్వకుండా వివరించాడు. ఆమె కూడా నవ్వకుండా విని బయటికొచ్చి, జీపు చక్రాన్ని బూటుతో ఒక్క తన్ను తన్నింది. వేలు నొప్పెట్టింది.

రికార్డు గదికి ఇది నాలుగోసారి రావటం. కింద బల్ల, చుట్టూ కప్పుదాకా అరలు, పైవరుస అరలకి వెళ్ళే పద్నాలుగు ఇనప మెట్లు. పన్నెండో మెట్టు దగ్గర కమ్మీకి చొక్కా పోగు ఒకటి చిక్కుకుని ఉండేది, దాన్ని తీసి దాచారు. వెనక తలుపు గడియ లోపలి నుంచి తీసి ఉంది. అంటే వచ్చినవాడు కార్యదర్శికి తెలిసినవాడే. కార్యదర్శే తలుపు తీశాడు.

గదిని చూసుకునే గుమాస్తా ఆవిడకి ఇంకో నెలలో పదవీ విరమణ. మంగళవారం కింద గదిలో ఉండి చప్పుడు విన్నది ఆవిడే. అట్టల కట్ట పడిందనుకుని లేవలేదు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఆవిడ చేతులు దేన్నో ఒకదాన్ని తుడుస్తాయి. ఇన్‌స్పెక్టర్ ఈసారి పడ్డ రోజు గురించి అడగలేదు. అంతకుముందు వారం గురించి అడిగింది. ఆయన కొత్తగా ఏమైనా చేశాడా, ఏదైనా అడిగాడా?

గుమాస్తా ఆవిడ గుడ్డ దులుపుతూ ఆలోచించింది. "పసుపు కాగితాలు లేని ఫైలు ఏదైనా ఉందా అని అడిగాడు తల్లీ."

పసుపు కాగితమంటే గడువు పెంచమని కోరే దరఖాస్తు. పరిశోధన చెప్పిన వేళకి పూర్తి కాదు, ఎప్పుడూ కాలేదు. చేపలవాళ్ళకి చేపలు దొరకవు, చుక్కలవాళ్ళకి మబ్బు పడుతుంది, శాసనాలవాళ్ళకి రాయి పగులుతుంది. అందరూ ఏడాదికోసారైనా పసుపు కాగితం పెట్టి, ఇంకో ఆరు నెలలు దయచేయమంటారు. ముప్ఫై ఏళ్ళలో ఒక్క కాగితం కూడా లేని ఫైలును ఆవిడ చూడలేదు. వెతికితే ఒకటుంది. నలభై ఒకటో ఫైలు. తొమ్మిదేళ్ళు, పద్దెనిమిది నివేదికలు, ఒక్కటీ ఒక్కరోజు ఆలస్యం కాలేదు.

"ఆయన ఆ ఫైలు చూసి ఏమన్నాడు?"

"నిజంగా పని చేసేవాడెవడూ ఇంత శుభ్రంగా ఉండడు అన్నాడు. సోమవారం ఎవరికో ఫోన్ చేసి, రేపు నాలుగింటికి వెనక తలుపు దగ్గరికి రమ్మన్నాడు. పేరు పెట్టి పిలవలేదు. మీరు అన్నాడు, గౌరవంగానే."

ఆ ఫైలు ఇవ్వమంటే ఆవిడ తల అడ్డంగా ఊపింది. కమిటీ అనుమతి లేకుండా బయటివాళ్ళకి ఇవ్వకూడదు, నెల రోజుల్లో పింఛను రావాల్సిన మనిషి. ఇన్‌స్పెక్టర్‌కి ఆ మాట ఆ పూట రెండోసారి.

గుమాస్తా ఆవిడ ఆమె ముఖం చూసింది. మెట్లెక్కి ఒక ఫైలు తెచ్చి, బల్ల మీద పెట్టి, కట్టు విప్పింది.

"ఇవ్వకూడదని రాశారు. దుమ్ము దులపకూడదని ఎవరూ రాయలేదు. తడిగుడ్డ కావాలి, తెచ్చుకుంటాను. నా నడక తెలుసుగా, అరగంట పడుతుంది."

అట్ట మీద 41 అని ఉంది. కింద విషయం: ఒక దీవి భాషకు నిఘంటువు. ఆ భాష మాట్లాడే చివరి మనిషి ఒక ముసలావిడ అని మొదటి పేజీలో రాశారు. ఇన్‌స్పెక్టర్‌కి ఆ దీవి తెలుసు. తొమ్మిదేళ్ళ కిందట విశ్వవిద్యాలయం నుంచి నలుగురు అక్కడికి పడవలో వెళ్ళారు, అన్నయ్య కూడా. మూడేళ్ళు వెళ్ళివచ్చి, ముసలావిడ పోయిందని ఒకనాడు బూట్లు విప్పకుండా వంటింట్లో కూర్చుని ఏడ్చాడు. ఆ పని అంతటితో ఆగిపోయిందన్నాడు. ఆ నలుగురిలో ఈ ఫైలు ఎవరిదో అన్నయ్యని అడిగితే చెబుతాడు, నాలుగింటి లోపల పేరు దొరికినట్టే అనుకుని, ఆమెకి ఆ రోజు మొదటిసారి ఊపిరాడింది.

పేజీలు తిప్పింది. మొదటి మూడేళ్ళ నివేదికల్లో అన్నీ వలల పేర్లు, గాలుల పేర్లు, అలల పేర్లు. చాలాచోట్ల కొట్టివేతలు, అనుమానాలు, అవ్వకి ఈ రోజు ఓపిక లేదన్న మాటలు. నాలుగో ఏడు నుంచి కొట్టివేతలు లేవు. అవ్వ ఎప్పుడూ ఓపికగానే ఉంది. అడిగినదానికల్లా మాట చెబుతోంది.

ఏడో నివేదిక, పదకొండో పేజీ.

కిమెర: రేకుల కప్పు మీద పడే మొదటి చినుకుల చప్పుడు.

ఆమె ఆ వరుసను రెండోసారి చదవలేదు. కిందికి దిగింది.

జొమిలి: తరువాత తినే మనిషి కోసం గిన్నె అడుగున ఉంచిన నాలుగు ముద్దలు.

తెంబులు: భయం వేస్తున్నా, వేయనట్టు నడిచే నడక.

ఆమె ఫైలు బల్ల మీద పెట్టింది. ఆ మాటలు ఏ దీవిలోనూ లేవు. అవి రేకుల ఇంట్లో, నాన్న రాత్రి డ్యూటీకి వెళ్ళాక, ఒకే దుప్పటి కింద పుట్టాయి. కిమెర ఆమె పెట్టిన పేరు, ఆరేళ్ళప్పుడు. జొమిలి అన్నయ్యది. స్కూలు దారిలో కుక్కలుండే మలుపు దగ్గర అన్నయ్య ఆమె చెయ్యి వదిలి, ఇప్పుడు తెంబులు నడువు అనేవాడు. ఆమె నడిచేది. ఆ మాటలు తెలిసినవాళ్ళు భూమి మీద ఇద్దరే.

తర్వాత పేజీల్లో ఇంకా వందలున్నాయి. చాలావాటిని ఆమె మర్చిపోయింది. చదువుతుంటే ఒక్కొక్కటీ గుర్తొచ్చింది.

గుమాస్తా ఆవిడ తడిగుడ్డతో వచ్చేసరికి ఫైలు కట్టు కట్టి ఉంది. దొరికిందా తల్లీ అని అడిగింది. ఇన్‌స్పెక్టర్ ఫైలును ఆవిడ వైపు జరిపి లేచింది. మెట్లు దిగుతుంటే ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. ఎర్రసిరా ఆయన కళ్ళు తెరిచాడు. మాట ఇంకా రాలేదు, సాయంత్రానికి రావచ్చు అన్నాడు డాక్టరు.

ఆమె ఇంటికొచ్చేసరికి రెండూ నలభై. గురువారాలు మధ్యాహ్నం అన్నయ్యకి క్లాసులుండవు. పొద్దున్న కూర్చున్న కుర్చీలోనే ఉన్నాడు. గుండీ కుట్టటం ఎప్పుడో అయిపోయింది. మిగతావి కూడా వదులయ్యాయని అన్నిటినీ ఊడదీసి, కొత్త దారంతో మళ్ళీ కుడుతున్నాడు. ఇంకొక్కటే మిగిలింది. అన్నం తిన్నావా, గిన్నెలో ఉంచాను అన్నాడు తలెత్తకుండా.

ఆమె ఎదురుగా కూర్చుంది. దారిలో వంద ప్రశ్నలు తయారు చేసుకుంది. పదిహేనేళ్ళ ఉద్యోగంలో ఎంతోమందిని అడిగిన ప్రశ్నలే. ఒక్కటీ రాలేదు.

"కిమెర అవ్వ చెప్పింది కాదు అన్నయ్యా. నేను చెప్పింది."

సూది ఆగింది.

"అవ్వ పోయి ఆరేళ్ళు. నువ్వు ఆ రోజే ఒక పసుపు కాగితం పెట్టి, ఇక పని జరగదని రాసి ఉంటే సరిపోయేది. ఒక్క కాగితం." ఆమె గోడ గడియారం వైపు చూసింది. "నాలుగింటికి ఆ అమ్మాయిని జైలుకి పంపుతారు. పంపకుండా ఉండాలంటే నేనొక పేరు చెప్పాలి. చెప్పనా?"

అతను సూదిని మళ్ళీ కదిలించాడు. గుండీ నాలుగు కన్నాల్లోంచీ దారం పోనిచ్చి, వెనకవైపు ముడి వేశాడు.

"ఆయన కళ్ళు తెరిచాడు," అందామె. పొద్దున అడిగాడు గనుక చెప్పింది, అలవాటు కొద్దీ. నోరు దాటాక గానీ తనేం చెప్పిందో తెలియలేదు.

అన్నయ్య దారాన్ని పళ్ళతో కొరికాడు. చొక్కాను మడతపెట్టి, మడతల మీద అరచేత్తో రెండుసార్లు నిమిరి, ఆమె ముందు పెట్టాడు. మోకాలి పక్కనున్న గుండీల డబ్బా తీశాడు. వేళ్ళతో గుండీల అడుగుదాకా వెతికి, ఒక పెన్ను మూత పైకి తీసి చొక్కా మీద పెట్టాడు. మూత అంచున ఎర్రసిరా ఎండిపోయి ఉంది.

లేచి బూట్లు వేసుకున్నాడు. లేసులు రెండూ జాగ్రత్తగా, సమానంగా కట్టుకున్నాడు. ఆమె వైపు చూడలేదు, తలుపు వెయ్యలేదు.

లేవాలని ఆమెకి తెలుసు. లేవలేదు. చెయ్యి మాత్రం ఫోను వైపు వెళ్ళింది, వార్డు ముందున్న కానిస్టేబుల్ నంబరు కోసం. తెరిచిన తలుపులోంచి అతని వీపు కనిపిస్తోంది. భుజాలు వెనక్కి, చేతులు వదులుగా, అడుగులు మరీ పెద్దవి కాకుండా, మరీ చిన్నవి కాకుండా. తెంబులు.

గేటు దగ్గర ఒక్క క్షణం ఆగి, అతను కుడికి, ఆసుపత్రి వైపు తిరిగాడు.